అడిగినదానికే జవాబు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవడానికీ ఒప్పుకోలేదు, తెరిపి ఇవ్వడానికీ ఒప్పుకోలేదు. పిండకుండా ఆరేసిన మసిగుడ్డలా మబ్బు ఇళ్ళ మీద వేలాడుతూ ఉంది. డిటెక్టివ్ పోలీస్ స్టేషన్ మెట్లెక్కబోతూ ఆగి తలెత్తి చూశాడు. పల్లెలో పుట్టి పెరిగినవాడు, పైకి చూడకుండా ఏ పనీ మొదలుపెట్టలేడు. సాయంత్రం దాకా ఈ మబ్బు ఇలా బిగబట్టుకునే ఉంటుందని లెక్క వేసుకుని లోపలికి నడిచాడు.

"రావయ్యా నత్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి కదలకుండా. "మూడింటికి వాణ్ణి కోర్టులో పెడుతున్నాను. నువ్వు గోడ పట్టుకుని పాకుతూ వచ్చేసరికి వాడికి శిక్ష కూడా పడిపోతుంది."

నత్త అనే పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే. డిటెక్టివ్ దానికి ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. పేరు పెట్టడానికైనా ఒక మనిషి తనను అంతసేపు గమనించాడు కదా అనుకునేవాడు.

"ఒక్కసారి మాట్లాడి వెళ్తాను," అన్నాడు.

"మాట్లాడు. వాడు నోరు విప్పితే నాకూ చెప్పు. మూడు రోజుల నుంచి నేను గోడతో మాట్లాడుతున్నాను."

లాకప్‌లో ఉన్న మనిషిని అందరూ ఆకురాయి అంటారు. కాటాలు బాగుచేసే కార్ఖానాలో అతని పని తూకం రాళ్ళకు ఆకురాయి పట్టి బరువు సరిచేయడం. ఇనుముతో చేసినా వాటిని రాళ్ళనే అంటారు. ఇరవై ఏళ్ళు రాళ్ళను అరగదీస్తూ మనిషి కూడా అరిగిపోయి సన్నగా, నున్నగా తయారయ్యాడు. ఆ కార్ఖానా యజమానిని పెద్దాయన అనేవారు. మూడు రోజుల కిందట సాయంత్రం ఆ పెద్దాయన తల మీద పది కిలోల రాయి పడింది. పడలేదు, ఎవరో వేశారు. మర్నాడు పొద్దున తలుపు తీసిన కూతురికి శవం కనిపించింది. ఆ రాయి మీద ఆకురాయి వేళ్ళ గుర్తులున్నాయి. అతని జేబులో నెత్తుటి గుడ్డ ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి.

డిటెక్టివ్ ఊచల అవతల గొంతుక్కూర్చున్నాడు. మాట్లాడకుండా కూర్చోవడం ఇద్దరికీ వచ్చిన విద్యే.

"భోజనాల దగ్గర పెద్దాయన పొడుపు లెక్కలు వేసేవారట," అన్నాడు చివరికి డిటెక్టివ్.

ఆకురాయి తలూపాడు.

"తప్పు చెప్పినవాళ్ళు అందరి పళ్ళాలూ కడగాలట."

మళ్ళీ తలూపాడు.

"రోజూ నువ్వే ఓడిపోయేవాడివట. ఆ కసితోనే చంపావని ఇన్‌స్పెక్టర్ గారు రాసుకున్నారు. కిలో ఇనుము బరువా, కిలో పత్తి బరువా అంటే ఏం చెప్పావు?"

"ఇనుమే అని చెప్పాను."

"తూకాలతో ఇరవై ఏళ్ళు బతికినవాడివి. కిలో అంటే కిలోనే అని నీకు తెలీదా?"

ఆకురాయి పెదవి చివర ఏదో కదిలింది. "తెలుసు బాబూ. నేను సరిగ్గా చెబితే లెక్క పక్కవాళ్ళ దగ్గరికి పోతుంది. పక్కన ఉండేది పెద్దాయన కూతురు, ఆ తర్వాత చిన్నమ్మగారు. చిన్నమ్మగారు పొద్దున ఐదింటికి లేచి వండుతుంది. మళ్ళీ ఆవిడే కడగాలా? ముందు నేనే గబుక్కున తప్పు చెప్పేస్తే పోతుంది కదా."

చిన్నమ్మగారంటే పెద్దాయన చెల్లెలు. భర్త పోయాక అన్న పంచన చేరింది. కార్ఖానా వెనక రెండు గదుల్లో ఉంటూ అందరికీ వండిపెడుతుంది. డిటెక్టివ్‌ని ఈ కేసులోకి పిలిచింది ఆవిడే.

"మరి ఆ రోజు కూడా నువ్వే తప్పు చెప్పావా?"

ఆకురాయి ముఖం మూసుకుపోయింది. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇక ఆ రోజుకి అతని దగ్గర మాటలు అయిపోయాయని డిటెక్టివ్‌కి తెలిసింది. అయినా లేచి వెళ్ళేటప్పుడు డిటెక్టివ్ నడకలో కొంచెం తొందర ఉంది. నోరు విప్పని మనిషి ఏ ప్రశ్న దగ్గర తిరిగి కూర్చున్నాడన్నది కూడా ఒక జవాబే.

*

కార్ఖానా గేటుకి ఎదురుగా గొడుగు కింద తాళాలు బాగుచేసేవాడు కూర్చుని ఉంటాడు. గేటు వైపు చూస్తూ పని చేయడం అతనికి అలవాటు.

"ఐదు తర్వాత లోపలికి ఎవరైనా వెళ్ళారా?"

"లేదని మీ పోలీసులకి పదిసార్లు చెప్పానండీ."

"నేను పోలీసుని కాదు."

"అదే అనుకున్నా. నిలబడి అడుగుతున్నారు." తాళాలవాడు చేతిలోని తాళాన్ని చెవి దగ్గర పెట్టి కదిపి చూశాడు. "కూతురు నాలుగున్నరకి తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆకురాయి ఐదున్నరకి బయటికొచ్చాడు. రోజూ 'వస్తా బావా' అనేవాడు. ఆ రోజు అనలేదు. చేతిలో గుడ్డ నలుపుకుంటూ పోయాడు. డాక్టర్ ఏమో ఐదు ఐదున్నర మధ్య ప్రాణం పోయిందన్నాడట. ఇంక దాచేదేముంది."

"ఐదింటికి లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరు. పెద్దాయన, ఆకురాయి."

"అంతేనా?"

"అంతే. చిన్నమ్మగారు ఉంటుందనుకోండి. ఆవిడ ఎప్పుడూ ఉండేదే కదా. ఆవిణ్ణి కూడా లెక్కలోకి తీసుకుంటామా?"

ఆ మాట డిటెక్టివ్ చెవిలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద తిరిగిన మనిషి గేటులోంచి రాలేదు, పోలేదు. అందుకని ఎవరి లెక్కలోనూ లేదు.

*

పరీక్ష గది చిన్నది. బాగుచేసిన కాటాలను, సరిచేసిన రాళ్ళను ఆఖరిసారి తూచి ముద్ర వేసేది అక్కడే. గాలి తగిలితే ముల్లు ఊగుతుందని కిటికీలు మూసి ఉంచుతారు. మధ్యలో బల్ల, బల్ల మీద పెద్ద కాటా. కింద శవం చుట్టూ సున్నంతో గీసిన గీత. డిటెక్టివ్ గీతను తొక్కకుండా బల్ల దగ్గరికి వెళ్ళాడు. వెనకే ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు వినిపించింది. ఒంటరిగా వదిలిపెడితే ఏం కనిపెడతాడోనని కాబోలు, వెంటనే వచ్చేశాడు.

"రాయి ఎక్కడ దొరికింది?" అడిగాడు డిటెక్టివ్.

"కాటా మీద. ఎడమ సిబ్బె పళ్ళెంలో బుద్ధిగా పెట్టి ఉంది. చంపి, తుడిచి, మళ్ళీ తూకంలో పెట్టాడు. ఎంత కొవ్వు చూడు."

"కొవ్వు కాదేమో. ఇరవై ఏళ్ళ అలవాటు. రాయి నేల మీద ఉంటే చూడలేని మనిషి. తీసి ఉండాల్సిన చోట పెట్టాడు."

"అంటే వాడు ముట్టుకున్నాడని నువ్వే ఒప్పుకుంటున్నావు."

"ముట్టుకున్నాడని ఒప్పుకున్నాను. కొట్టాడని అనలేదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ఈ కొంప గాలి నీకూ సోకింది. అందరూ ఇలాగే మాట్లాడతారు ఇక్కడ. పెద్దాయన కూతుర్ని నిన్న 'మీ నాన్నకి శత్రువులెవరో తెలుసా' అని అడిగాను. 'తెలుసు' అంది. అని ఊరుకుంది. ఎవరో నేను అడగలేదట. నెత్తి కొట్టుకుని ఎవరని అడిగితే అప్పుడు చెప్పింది, ఆయనకి ఆయనేనట."

డిటెక్టివ్ వంగి బల్ల అంచును చూస్తున్నాడు. దుమ్ము ఒక్క రేణువు లేని ఆ నల్లటి బల్ల మీద, కుడి వైపు మూలన, గుండ్రటి మరక ఒకటి ఎండిపోయి ఉంది. గ్లాసు అడుగు పరిమాణం. వేలితో గీకి వాసన చూశాడు. టీ.

"ఇది ఎప్పటిది?"

"టీ మరక కూడా సాక్ష్యమేనా? ప్రతి ఆఫీసులో ప్రతి బల్ల మీదా ఉంటుంది."

"ఈ బల్ల మీద ఉండకూడదు. తడి తగిలితే తూకం పాడవుతుందని పెద్దాయన ఈ గదిలోకి నీళ్ళ చుక్క రానిచ్చేవాడు కాదు. టీ అయినా గడప అవతల నిలబడి తాగేవాడు. మొన్న ఆయన కూతురే చెప్పింది."

"సరే, ఆ రోజు లోపల తాగాడు. అయితే?"

"తాగిన గ్లాసు ఏది?"

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూశాడు. గ్లాసు లేదు. ముఖం కొద్దిగా ఎర్రబడింది. ఎర్రబడినప్పుడల్లా ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడం ఆయన పద్ధతి.

"పది అడుగుల బావిలో నత్త ఉంది," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "పగలు మూడడుగులు పాకుతుంది, రాత్రి రెండడుగులు జారుతుంది. ఎన్నో రోజుకి పైకొస్తుంది? పదో రోజుకి. ఈ ఇంటి లెక్కలు నాకూ వచ్చులే. నీకు మాత్రం మూడింటి వరకే టైముంది."

"ఎనిమిదో రోజుకి," అన్నాడు డిటెక్టివ్ బల్ల మీంచి చూపు తిప్పకుండా.

"రోజుకి ఒక్క అడుగే కదయ్యా లాభం?"

"ఏడు రోజులకి ఏడడుగులు. ఎనిమిదో రోజు పగలు మూడడుగులు పాకితే గట్టు వచ్చేస్తుంది. గట్టెక్కాక నత్త జారదు సార్."

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుని బయటికి నడిచాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఒంటిగంటకి వాణ్ణి ఇక్కడికి తెస్తాను. ఎలా చంపాడో చేసి చూపించాలి. కోర్టుకి ముందు అదొక్కటే మిగిలింది. ఆలోపు నీ టీ కథ తేల్చుకో."

*

పనివాళ్ళు భోజనం చేసే గది పరీక్ష గదికి ఆనుకునే ఉంది. హత్య జరిగిన మర్నాడే దానికీ పోలీసులు తాళం వేశారు, ఈ పొద్దునే తెరిచారు. అందువల్ల అక్కడి వస్తువులు ఆ రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పొడవాటి బల్ల, నాలుగు ముక్కాలి పీటలు, గోడకి ఒక అర. అరలో నాలుగు స్టీలు పళ్ళాలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి.

డిటెక్టివ్ ఆ పళ్ళాల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

అర వెనక గోడకి అంచులు ఆనిన గుర్తులున్నాయి. వరసగా నాలుగు సన్నటి చారలు. ఏళ్ళ తరబడి ఎవరో ఆ పళ్ళాలను బోర్లించకుండా, నిలువుగా గోడకి చేరవేసి ఆరబెట్టారు. ఇనుముతో పనిచేసేవాడు తడి వస్తువును అలాగే పెడతాడు. ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో తడి నిలిచి తుప్పు పడుతుందని అతని చేతులకు తెలుసు. స్టీలు తుప్పు పట్టదని తెలిసినా చేతులు వినవు.

ఈ పళ్ళాలు ఆకురాయి కడిగినవి కావు.

వెనక అడుగుల చప్పుడైంది. పెద్దాయన కూతురు తాళంచెవుల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. పరీక్ష గదిలో తూకం చూసేది ఆమే. చూపు కూడా కాటా ముల్లులా నిటారుగా ఉంటుంది.

"పళ్ళాలు రోజూ ఎవరు కడిగేవాళ్ళని పోలీసులు మిమ్మల్ని అడిగారా?"

"అడిగారు. ఆకురాయి మామయ్య అని చెప్పాను."

"మీ నాన్నగారు పోయిన రోజున ఎవరు కడిగారని అడిగారా?"

ఆమె చూపు ఒక్క క్షణం అర మీదికి పోయి వెనక్కి వచ్చింది. "అది అడగలేదు."

"నేను అడుగుతున్నానమ్మా."

"అత్తయ్య."

"అంటే ఆ రోజు ఓడిపోయింది మీ అత్తయ్య."

"నాన్న ఓడిపోయావన్నారు."

డిటెక్టివ్ ఆ తేడాను గమనించాడు. గమనించి, పీట లాక్కుని కూర్చున్నాడు. "నిలబడి చెప్పేది కాదనుకుంటాను. మీరూ కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. గుత్తిలోని తాళంచెవులను ఒక్కొక్కటే వేళ్ళ మధ్య జరుపుతూ చెప్పింది. చిన్నప్పటి నుంచి వాళ్ళ ఇంట్లో మాట్లాడటమే ఒక పరీక్ష. అడిగినదానికి అడిగినంతే చెప్పాలి. ఎక్కువ చెబితే తప్పు, తక్కువ చెబితే తప్పు. అబద్ధం చెబితే ఓటమి. ఆరేళ్ళ వయసులో ఆమెను నాన్న అడిగిన మొదటి లెక్క: ఒక ఇటుక, ఒక కిలోకీ ఇంకో అర ఇటుకకీ సరితూగింది, ఇటుక బరువెంత? కిలోన్నర అన్నందుకు ఆ రోజు పళ్ళాలన్నీ తనే కడిగింది. రెండు కిలోలని తెలుసుకోవడానికి నిజంగానే ఒక ఇటుకను సగానికి పగలగొట్టి తూచిందట.

"ఆ రోజు లెక్క ఏమిటి?"

తాళంచెవులు ఆగిపోయాయి.

"మామయ్య ఎప్పటిలాగే ముందు తప్పు చెప్పబోయాడు. నాన్న ఆపేశారు. 'నువ్వు కాదు, ఇది మా చెల్లెలికి' అన్నారు." ఆమె గుత్తిని పిడికిట్లోకి తీసుకుంది. "ఒక తల్లికి ఒక బిడ్డ. ఆ బిడ్డ పోయింది. ఇప్పుడు ఆమె ఎంతమందికి తల్లి?"

చిన్నమ్మగారికి ఒక ఆడపిల్ల పుట్టి, ఎనిమిదేళ్ళప్పుడు జ్వరంతో పోయిందని డిటెక్టివ్ విన్నాడు.

"ఆవిడ ఏం చెప్పింది?"

"ఒకరికి అంది. నాన్న సున్నా అన్నారు. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే సున్నా, పళ్ళాలు తియ్యి అన్నారు. అత్తయ్య లేచి తీసింది."

"మీ నాన్న ఎప్పుడూ మాటను పట్టుకుని కదా గెలిచేవారు. ఎంతమంది బతికున్నారని అడగలేదు. ఎంతమందికి తల్లి అని అడిగారు."

"అవును. అత్తయ్య చెప్పిందే సరైనది. నాన్న రూల్ ప్రకారమే సరైనది." ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "నాకు తెలిసీ నేను నోరు మూసుకున్నాను. అన్నం తింటూ కూర్చున్నాను. అదీ ఎవరూ అడగలేదు."

"మీ అత్తయ్యను అనుమానించారా?"

"ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు సార్. అడిగితే జవాబు చెప్పాలి కదా."

*

వెనక వంటగదిలో చిన్నమ్మగారు కూరగాయలు తరుగుతూ ఉంది. కత్తి బల్లకు తగిలే చప్పుడు ఒక్క తీరుగా వస్తూ ఉంది. డిటెక్టివ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

తనను పిలిచిన రోజున ఆవిడ అన్న మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. 'ఆకురాయి చెయ్యలేదని తేల్చిపెట్టు నాయనా.' అంతే. ఎవరు చేశారో కనిపెట్టమని ఒక్కసారి కూడా అనలేదు. పోలీసులకు ఆవిడ ఇచ్చిన వాంగ్మూలం కూడా గుర్తొచ్చింది. 'ఐదు తర్వాత నేను ఆ గది గడప దాటి లోపలికి వెళ్ళలేదు.' అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ఇంట్లో అబద్ధం ఆడరు.

"రా నాయనా. వాడి సంగతి ఏమైంది?"

"మూడింటికి కోర్టు."

కత్తి చప్పుడు తప్పలేదు.

అతను మనసులో ప్రశ్నను అటూ ఇటూ తిప్పి, అంచులు సరిచూసుకుని, అప్పుడు బయటికి తీశాడు. "ఆ రోజు ఐదుకి ముందు మీరు ఆ గదిలోకి వెళ్ళారా అమ్మా?"

కత్తి ఆగింది.

"వెళ్ళాను. ఐదుకి పది నిమిషాలుండగా. టీ తీసుకుని."

"బయటికి ఎప్పుడు వచ్చారు?"

"ఐదూ పదికి."

"మీరు బయటికి వచ్చేసరికి మీ అన్నయ్య ప్రాణంతో ఉన్నారా?"

"లేడు."

ఆ మాటతో పాటు ఆవిడ లోపల ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన ఊపిరి కూడా బయటికి వచ్చింది. కత్తి పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. ముఖంలో భయం లేదు. చాలా దూరం బరువు మోసి దించినవాళ్ళ ముఖం అది.

"మూడు రోజులు," అంది మెల్లగా. "ఎంతమంది వచ్చారు, ఎన్ని అడిగారు. ఒక్కడూ సరిగ్గా అడగలేదు."

"మీరే చెప్పి ఉండొచ్చు."

"అడక్కుండా చెబితే ఈ ఇంట్లో ఓడిపోయినట్టు నాయనా. పోయాక కూడా వాడి చేతిలో ఓడిపోవాలా? అందుకే నిన్ను పిలిచాను. నువ్వు మాట్లాడేముందు ఆలోచిస్తావని విన్నాను."

అతను అడగకుండానే ఆవిడ మిగతాది చెప్పింది. ఆ ఇంటి కట్టు ఆవిడ తెంచుకోవడం బహుశా అదే మొదటిసారి.

"మా పిల్లకి జ్వరం ముదిరిన రోజున వాడి కాళ్ళ మీద పడ్డాను. అన్నయ్యా, డాక్టర్‌ని పిలుస్తావా అని. పిలుస్తానన్నాడు. పిలిచాడు. డాక్టర్ రేపొస్తానన్నాడట. సరేనని వీడు వచ్చి కాటా ముందు కూర్చున్నాడు. మర్నాటికి పిల్ల లేదు. ఏమిటన్నయ్యా ఇది అంటే, పిలుస్తానన్నాను, పిలిచాను, తీసుకొస్తానన్నానా అన్నాడు." ఆవిడ తరిగిన ముక్కలను అరచేత్తో ఒక పక్కకి నెట్టింది. "పద్నాలుగేళ్ళు మింగి ఊరుకున్నాను. ఆ రోజు టీ పట్టుకుని లోపలికి వెళ్ళి ఒక్కటే అడిగాను. నా జవాబు సరైనదేనని ఒక్కసారి అను అన్నాను. బల్ల మీద గ్లాసు పెట్టినందుకు తిట్టాడు. తర్వాత నవ్వాడు. సున్నాని ఎన్నిసార్లు తూచినా సున్నానే అన్నాడు. వంగి ముల్లు చూస్తున్నాడు. రాయి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది."

"ఆకురాయి చూశాడా?"

"నేను నిండు గ్లాసుతో బయటికి రావడం చూశాడు. నేనొక్క మాట అనలేదు. వాడూ అనలేదు. లోపలికి వెళ్ళాడు. తర్వాత నా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళిపోయాడు. వాణ్ణి పట్టుకుపోతారని నాకు తోచలేదు. తోచాక నిద్ర లేదు."

డిటెక్టివ్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. కేసు తేలింది. నోట్లో చేదు మాత్రం పోలేదు. తనను తాను అతని చేత పట్టించుకోవడానికే ఆవిడ అతన్ని నమ్మి పిలిచింది. ఇంతకంటే సరిగ్గా మాట పెట్టి అడిగినవాళ్ళు అతని జీవితంలో ఎవరూ లేరు.

*

ఒంటిగంటకు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ ఆకురాయిని భుజం పట్టుకుని పెరట్లోకి నడిపించుకొచ్చాడు. చిన్నమ్మగారు వంటగది గుమ్మంలో ఎదురొచ్చి, డిటెక్టివ్‌కి చెప్పినదే మళ్ళీ చెప్పింది. టైముతో సహా, ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా.

ఇన్‌స్పెక్టర్ ఆకురాయి భుజం వదిలేశాడు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఐదు తర్వాత లోపలికి వెళ్ళావా అని అడిగావు బాబూ. వెళ్ళలేదన్నాను. నువ్వు రాసుకున్నావు."

"ఆవిడ మాట పట్టించుకోకండి సార్," అన్నాడు ఆకురాయి. మూడు రోజుల తర్వాత ఇన్‌స్పెక్టర్ విన్న అతని మొదటి మాట అది. "పిల్ల పోయిన దగ్గర్నుంచి ఆవిడకి మతి సరిగ్గా ఉండదు. నేనే కొట్టాను. రాసుకోండి. నేనే."

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. చిన్నమ్మగారు అతని వైపు చూసింది. అన్నేళ్ళలో ఆవిడ అతన్ని అంత తిన్నగా ఎప్పుడైనా చూసిందో లేదో.

"ఇరవై ఏళ్ళు నా బదులు ఓడిపోయావు," అంది. "నాకు తెలీదనుకున్నావా? ఇంక చాలు. ఇది నా లెక్క."

ఆకురాయి తల వాలిపోయింది. పెద్దాయన కూతురు వచ్చి అత్త పక్కన నిలబడింది. ముట్టుకోలేదు, దూరంగా జరగలేదు.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూడకుండానే, "బయల్దేరాలి," అన్నాడు.

"వంట అయింది," అంది చిన్నమ్మగారు. "మూడింటికి కదా కోర్టు. తిని పోదాం. వండింది పారబోయడం నాకు చేతకాదు."

కాదనడానికి ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. తెరిచి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

వంటింట్లో చాప పరిచారు. ఆవిడ ఐదు పళ్ళాలు వేసింది. అన్నం, కూర అందరికీ సమానంగా వడ్డించింది. ఆఖరున తన పళ్ళెంలోనూ వడ్డించుకుని ఆకురాయి పక్కన కూర్చుంది. కిటికీ బయట మబ్బు పొద్దుటి నుంచి ఉన్న చోటే ఉంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ తల దించుకుని తిన్నాడు. పెద్దాయన కూతురు ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే ఉంచుకుని, తర్వాత తిన్నది. డిటెక్టివ్ మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పల్లెలో అతనికి నేర్పింది అదే.

అందరికంటే ముందు ఆకురాయి తినడం అయిపోయింది. లేవకుండా అలాగే కూర్చున్నాడు. చిన్నమ్మగారు ఆఖరి ముద్ద మింగి చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను చెయ్యి చాపి, ఆవిడ ఖాళీ పళ్ళేన్ని మెల్లగా తన వైపు లాక్కుని, తన పళ్ళెం మీద పెట్టుకున్నాడు.